పైడమ్మ కూర్చున్న చోటు

మొన్నటి చలికాలంలో ఎస్తేరు అత్తను వెంటబెట్టుకుని భీమిలి వెళ్లి వచ్చాను. ఆమెకు ఎనభై దాటాయి, నాకు మోకాళ్ల నొప్పులు. రామగుండం స్టేషన్లో రైలెక్కించడానికి వచ్చిన మా తమ్ముడు, "ఇద్దరు ముసలోళ్లు సముద్రం సూడవోతున్నరు, పైలం" అని నవ్వాడు. అత్త నవ్వలేదు. భర్త అప్పన్న మామ పోయినప్పటి నుంచి ఆమె నవ్వడం తగ్గిపోయింది. ఆ ఇద్దరూ నాకు రక్తసంబంధీకులు కారు. గోదావరిఖనిలో మా క్వార్టరు, వాళ్ల క్వార్టరు ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మా అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మామ అయ్యాడు, ఆయన భార్య అత్త అయింది. వాళ్లకు పిల్లలు లేరు. మామ వానాకాలం మొదట్లో పోయాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఒకసారి వెళ్లి అత్త దగ్గర కూర్చుని వచ్చేదాన్ని. ఒకనాడు ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండానే, "సరోజా, నన్నొక్కసారి భీమిలికి తీస్కపోతవా?" అని అడిగింది.

"ఆడ ఇప్పుడు ఎవరున్నరత్తా?"

"ఎవ్వరు లేరు. మా అత్తమ్మ నా మీద కోపంతోనే ఎల్లిపోయిందా, ఇంకేమన్ననా, గది తెల్సుకోవాలె. చెప్పేటోళ్లు ఉన్నరో లేరో, పోతెనే గద తెలిసేది."

ఆమె అత్తగారు పైడమ్మ చనిపోయి యాభై ఏళ్లు కావస్తోంది. అన్నేళ్లుగా ఈ మాట ఎస్తేరు అత్త మనసులో ఉందని నాకు ఆ సాయంత్రం దాకా తెలియదు. కానీ పైడమ్మ మా ఊరు వచ్చిన రోజూ, వెళ్లిపోయిన రోజూ నాకు బాగా జ్ఞాపకం.

అప్పుడు మా ఊళ్లో బొగ్గు గనిని బాయి అనేవారు. ఇప్పటికీ అంటారు. మా బాపు బాయిలో దిగి తట్టా చెమ్మాసూ, అంటే గంపా పారా పట్టి బొగ్గు ఎత్తేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, సైరన్ కూతను బట్టి పొయ్యి వెలిగించేది, సైరన్ కూతను బట్టి నీళ్లు కాగబెట్టేది. సాయంత్రం అయ్యేసరికి ప్రతి క్వార్టరు ముందూ బొగ్గుల సిగిడి బయటపెట్టి రాజేసేవారు. పొగ తగ్గి నిప్పు ఎర్రబడేదాకా ఆడవాళ్లు నల్లా దగ్గరా గడపల్లోనూ నిలబడి ముచ్చట్లు పెట్టుకునేవారు. ఆ పొగ వాసన మా బట్టల్లో, బడి పుస్తకాల్లో, చివరికి అవ్వ నూరిన మామిడి తొక్కులో కూడా ఉండేదనిపిస్తుంది. దాన్ని మించిన వాసన ఒక్కటే ఉండేది. అప్పన్న మామ ఇంట్లో కాల్చే ఎండు నెత్తళ్ల చేపలది. ఆ వాసన రాగానే వెనక లైను క్వార్టర్ల వాళ్లు కిటికీలు మూసుకునేవారు. అవ్వ మాత్రం చిన్న గిన్నె పట్టుకుని గోడ పక్కకు వెళ్లేది.

మామ భీమిలి దగ్గర పుట్టినవాడు. వాళ్ల తాత తెరచాప ఓడల మీద రంగూను దాకా వెళ్లి వచ్చాడట. మామ మా బాయిలో టింబర్ పని చేసేవాడు, అంటే లోపల కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. మందమర్రి అమ్మాయి ఎస్తేరును పెళ్లి చేసుకున్నాడు. ఆమె తండ్రి కూడా బాయి మనిషే, ఆమె కంపెనీ దవాఖానలో ఆయాగా చేసేది. మామకు ఒక అలవాటుండేది. షిఫ్టుకు బయల్దేరే ముందు గుమ్మంలో నిలబడి తల కొంచెం ఎత్తి గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకునేవాడు. భూమి లోపలికి వెళ్లేవాడికి గాలితో పనేమిటని బాపు ఆటపట్టించేవాడు. "అలవాటు బావా, పోదు" అనేవాడు మామ. సాయంత్రాలు అవ్వకు సముద్రం గురించి చెప్పేవాడు. అవ్వ గోదావరి ఒడ్డు పల్లెలో పుట్టింది. ఏ నీళ్లకైనా అవతలి ఒడ్డు ఉంటుందని ఆమె నమ్మకం. "ఉంటదన్నా, నీకు కనవడకపోయింటది" అని వాదించేది. ఇంత చెప్పే మనిషి ఊళ్లో తనకు ఎవరెవరున్నారో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఉత్తరాలు రావు, పండగకు వెళ్లడు. ఎవరైనా అడిగితే లేచి వెళ్లి కర్ర చెక్కుకోవడమో, సైకిలు తుడుచుకోవడమో మొదలుపెట్టేవాడు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు బాపుకు ఎల్టీసీ వచ్చింది. కుటుంబంతో ఎక్కడికైనా వెళ్లి చూసి రావడానికి కంపెనీ ఇచ్చే ప్రయాణపు ఖర్చు అది. మా లైన్లో అందరూ తిరుపతి పోయేవారు. బాపు కూడా అదే అనుకున్నాడు. అవ్వ సిగిడిలో బొగ్గు సర్దుతూ, "నాకు సముద్రం సూడాలె" అంది. పెళ్లయినప్పటి నుంచి ఆమె నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారని బాపు తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. భీమిలి పోదామనుకున్నారు. మామను తోడు రమ్మని బాపు అడిగాడు. మామ నేలచూపులు చూస్తూ, డ్యూటీ ఉందన్నాడు. ఆయన బదులు తోటివాడు చేస్తాడని బాపు అంటే, ఒంట్లో బాగాలేదన్నాడు. ఆ రాత్రి గోడ అవతల నుంచి ఎస్తేరు అత్త గొంతు చాలాసేపు వినిపించింది.

బయల్దేరిన రోజు పొద్దున మేం స్టేషన్లో సర్వపిండి మూటలు, నీళ్ల చెంబు పెట్టుకుని కూర్చుని ఉంటే, ఇస్త్రీ చొక్కాలో మామ, వెనకే అత్త వచ్చారు. అత్త చేతిలో రేకు పెట్టె ఉంది.

"ఒంట్ల బాగలేదంటివి?" అన్నాడు బాపు.

మామ బదులు అత్తే చెప్పింది. "నువ్వు రాకుంటె నేనొక్కదాన్నే పోత అన్న. ఈయన తల్లి ఎట్లుంటదో ఈయనకు పట్టకున్నా నాకు పట్టాలె గద. నా మొఖం ఆమె సూడనే లేదు."

ఆయనకు తల్లి ఉందని మాకు అప్పుడే తెలిసింది. బెజవాడలో రైలు మారాం. గోదావరి వంతెన దాటిన తర్వాత, మా తమ్ముడు అవ్వ ఒళ్లో నిద్రపోయాక, మామ తనంతట తనే చెప్పడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పాడు. వాళ్లు ఇద్దరు అన్నదమ్ములు. అన్న పేరు సింహాద్రి. తండ్రి పోయాక ఇద్దరూ ఒకే తెప్ప మీద తెరచాప ఎత్తి వేటకు వెళ్లేవారు. ఒకరోజు తాడు జారి మామ అరచెయ్యి చీరుకుపోయింది. ఉప్పునీళ్లలో ఆ చెయ్యి పెడితే మానదని అన్నే ఆయన్ని ఒడ్డున దించేసి, వేరే వాళ్లను తోడు తీసుకువెళ్లాడు. మధ్యాహ్నం గాలి తిరిగింది. మర్నాడు తెప్ప దుంగలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, మనుషులు రాలేదు.

"నీ తప్పేముంది అండ్ల?" అన్నాడు బాపు.

"తప్పని ఎవులూ అన్లేదు బావా. మాయమ్మా అన్లేదు. మేవిద్దరం ఒక్క పోలిక. నన్ను సూసినప్పుడల్లా ఆవిడికి ఆడు కనబడీవోడు. నా మొకం సూసి, నా ఎనకాల ఇంకోడొస్తన్నాడేమోనని ఎతుక్కునీది. నాను ఎదురుగుంటే ఆవిడ మరవలేదు. అందుకే వొచ్చీసినాను."

ఎస్తేరు అత్త కళ్లు తుడుచుకుంది. ఆమెకు కూడా ఇది కొత్తేనని ముఖం చూస్తే తెలిసింది. అవ్వ, "తల్లికి అట్ల మరుపు అస్తదా అన్నా" అంది.

భీమిలిలో బస్సు దిగి, లైట్‌హౌస్ పక్కనుంచి కిందికి నడిచాం. కుడివైపు కొండ, ఎదురుగా గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, నీళ్ల మీద నాలుగైదు తెరచాపలు. ఒకప్పుడు అక్కడ పెద్ద ఓడలు లంగరు వేసేవని, సరుకు పడవల్లో వెళ్లేదని మామ చెబుతున్నాడు. అవ్వ నడక ఆపేసింది. ఆ నీళ్లను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. తర్వాత నెమ్మదిగా వెళ్లి వంగి, వేళ్లు ముంచి నాలుకకు తాకించుకుంది. "నిజంగనే అవుతలి ఒడ్డు లేదన్నా" అని ఒప్పుకుంది. ఆమె ముఖం చూసి నాకు భయమేసింది, ఏడుస్తుందేమోనని. ఏడవలేదు. పాదాల మీద నీళ్లు పారుతుంటే అలాగే నిలబడింది.

పైడమ్మ ఇల్లు తాటాకు కప్పు గుడిసె. ఆమె బయట ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. పొట్టి మనిషి, ఎండకు మాడిన ఒళ్లు, చెవులకు బరువైన కమ్మలు. మామ ఆమెకు పదడుగుల దూరంలో ఆగిపోయాడు. మేమంతా ఆయన వెనక. ఆమె కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. లేవలేదు, అరవలేదు. చేతిలో ఉన్న చేపను చాప మీద పెట్టి అడిగింది.

"సెయ్యి మానిందేట్రా?"

మామ వెళ్లి ఆమె ముందు కూలబడి అరచెయ్యి చాపాడు. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మచ్చ మీద బొటనవేలు రాస్తూ ఉండిపోయింది. కాసేపటికి, "ఒకడిని సముద్రం అట్టుకుపోయింది. ఆడికోసం ఏడిసాను. రెండోవోడిని ఏటి అట్టుకుపోయిందో తెలవక ఏడుపు కూడా రాలేదు" అంది. ఆ మాటకు మా బాపు పక్కకు తిరిగాడు. బాపు ఏడవడం నేను చూసింది అప్పుడే.

మేం అక్కడ నాలుగు రోజులున్నాం. పైడమ్మ కోడలిని మొదటి రోజంతా కళ్లతోనే తూచింది. రెండో రోజు దగ్గర కూర్చోబెట్టుకుని తల దువ్వింది. చర్చికి పోయే పిల్ల అని తెలిసి, "మీ దేముడు కూడా పడవెక్కినోడేనంట కదా" అంది. ఊళ్లో ఇంకా తెరచాప పడవలున్న ముసలివాళ్లు మమ్మల్ని నీళ్ల మీదికి తీసుకెళ్లారు. చుక్కాని మామ చేతికిచ్చారు. తెరచాపలోకి గాలి నిండి పడవ ఒక పక్కకు ఒరిగేసరికి, రోజూ భూగర్భంలోకి దిగివచ్చే మా బాపు పడవ అంచును రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "బాయిల ఎన్నడు భయపడలే. అండ్ల కాళ్ల కింద నేలుంటది" అని గొణిగాడు. అవ్వ పమిట జారిపోయినా చూసుకోకుండా నవ్వుతోంది. మామ ఎవరి వంకా చూడలేదు. గాలి తాకిన ముఖంతో ఆయన అప్పుడు నాకు తెలిసిన మామలా లేడు, ఇంకా చిన్నవాడిలా, ఇంకా పెద్దవాడిలా కూడా ఉన్నాడు.

చివరి రోజు అన్నాలు తింటుండగా పైడమ్మ అడిగింది. "ఏటి పని సేస్తన్నావురా ఆ కంపినీలో?"

మామ ముద్ద మింగలేదు. బాపు చెప్పబోయాడు. ఈలోగా ఎస్తేరు అత్త, "కర్రల పని అత్తమ్మా. కప్పుకు కర్రలు నిలబెడ్తడు" అంది.

"ఇళ్లు కట్టే పనా?"

"ఆఁ, గసొంటిదే."

"భూమ్మీద పనే కదా. అయితే ఎల్లు నాయనా" అని పైడమ్మ నిట్టూర్చి, కొడుకు విస్తట్లో ఇంకో చేప వేసింది. ఆ క్షణంలో అత్త వంచిన తల చాలాసేపటి దాకా ఎత్తలేదు.

మరుసటి ఏడు మామ వెళ్లి తల్లిని మా ఊరికి తీసుకొచ్చాడు. పైడమ్మ రామగుండంలో రైలు దిగి వచ్చిన మొదటి రోజే నిజం తెలిసిపోయింది. మధ్యాహ్నం షిఫ్టుకు కొడుకు తలకు దీపం టోపీ, నడుముకు బ్యాటరీ కట్టుకుని బయల్దేరితే, ఇల్లు కట్టేవాడికి పట్టపగలు దీపం ఎందుకని అడిగింది. చెప్పక తప్పలేదు. ఆమె కొంగు నడుముకు చుట్టి కొడుకు వెనకాలే బాయి దాకా నడిచింది. మనుషులు లోపలికి దిగి కనబడకుండా పోవడం చూసింది. గేటు పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చుంది. షిఫ్టు దిగి ఆయన పైకొచ్చేదాకా లేవలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వాళ్ల ఊళ్లో తెప్పలు వేటకు వెళ్లాక ఆడవాళ్లు ఒడ్డున కూర్చునేది అలాగేనట. మా లైను ఆడవాళ్లు మొదట నవ్వారు. బాయి మీద కూర్చుంటే కొడుకు తొందరగా వస్తాడా అన్నారు. కొన్నాళ్లకు కూరగాయలు కొనుక్కుని వస్తూ ఒకామె ఆమె పక్కన కాసేపు కూర్చుంది. తర్వాత ఇంకొకామె. మా అవ్వ కూడా తమ్ముడి స్వెట్టరు అల్లుకుంటూ వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. బాపు బాయిలో ఉన్నంతసేపు తన గుండెల్లో ఎలా ఉంటుందో, అన్నేళ్లలో ఎవరికీ చెప్పని సంగతి, అవ్వ ఆ గోనెసంచి మీదనే పైడమ్మకు చెప్పిందట.

ఎస్తేరు అత్త దవాఖాన నుంచి వస్తూ అత్తగారికి రొట్టె, టీ తెచ్చిచ్చేది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. బాయి సంగతి దాచిపెట్టిన మాట మధ్యలో ఉండిపోయింది. అత్త దాన్ని ఎత్తలేదు, పైడమ్మా ఎత్తలేదు.

ఒకరోజు పొద్దున షిఫ్టులో, వేళ కాని వేళ సైరన్ మోగింది. నల్లా దగ్గర బిందెలు అక్కడే వదిలేసి ఆడవాళ్లంతా బాయి వైపు పరుగెత్తారు. ఆ వారం బాపుది రెండో షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. చొక్కా వేసుకోకుండానే ఉరికాడు. లోపల కప్పు కూలిందన్నారు. మేం వెళ్లేసరికి పైడమ్మ తన చోటులోనే కూర్చుని ఉంది. చుట్టూ అంతా ఏడుస్తున్నా ఆమె ఏడవడం లేదు. మనుషులు గుంపులు గుంపులుగా పైకి రావడం మొదలైంది. నెత్తిన టోపీలు, ఒళ్లంతా బొగ్గు, తెల్లగా కళ్లొక్కటే. ప్రతి గుంపు రాగానే పైడమ్మ లేచి నిలబడేది, ఎవరు ఎవరో పోల్చుకోలేక మళ్లీ కూర్చునేది. "మావూర్లో అయితే తెరసాప సూసి అల్లంత దూరాన్నే సెప్పీగలం ఎవుడిదో" అని అవ్వతో అంది. "ఈడ అందరూ ఒక్కలాగే ఉన్నారమ్మా. ఎవుడిని సూసి ఏడవాలో తెలీదు, ఎవుడిని సూసి నవ్వాలో తెలీదు."

మామ చిట్టచివర వచ్చాడు. కాలు విరిగిన ఒకతన్ని ఇంకో ఇద్దరితో కలిసి మోసుకొచ్చాడు. ఆరోజు ఎవరి ప్రాణమూ పోలేదు. అతన్ని దించి మామ నిలబడితే పైడమ్మ వెళ్లి కొంగుతో ఆయన ముఖం తుడిచింది. నల్లదనం పోయి చెంప బయటపడేదాకా తుడిచి, "పద, ఇంటికెల్దారి" అంది. ఎస్తేరు అత్త పక్కనే నిలబడి ఉంది. పైడమ్మ ఆమె వైపు చూడలేదు.

ఆ వారంలోనే పైడమ్మ తనను రైలెక్కించమంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. "నా వల్ల తప్పయిందా అత్తమ్మా?" అని ఎస్తేరు అత్త అడిగితే, "నా ఇల్లు పాడైపోతాది" అని మాత్రం అంది. కోడలి మతం సరిపడక వెళ్లిపోయిందని లైన్లో కొందరు చెప్పుకున్నారు. బాయి సంగతి దాచిపెట్టినందుకని ఇంకొందరు. ఆ మాటలు అత్త చెవిన పడుతూనే ఉండేవి. ఏడాది తిరక్కుండానే పైడమ్మ పోయిందని కబురొచ్చింది. అప్పుడే అత్తకు కడుపు పోయి దవాఖానలో ఉంది. మామ ఒక్కడే వెళ్లి, కర్మకాండలు చేసి వచ్చాడు. అక్కడ ఏం జరిగిందో, ఎవరేమన్నారో ఒక్క మాట చెప్పలేదు. మళ్లీ భీమిలి పేరెత్తలేదు. అత్త కూడా అడగలేదు. అడిగితే ఆయన లేచి వెళ్లి సైకిలు తుడుచుకుంటాడని ఆమెకు తెలుసు.

ఇప్పుడు ఆ బాయి లేదు. దాని మీదనే పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు వచ్చింది. మా క్వార్టర్లు కూలగొట్టారు. మట్టి తవ్వి పోసిన గుట్టలు ఊరి చుట్టూ లేచాయి. మధ్యాహ్నం బండ పగలడానికి బాంబులు పేల్చినప్పుడు దూరాన ఉన్న జ్యోతినగర్ వైపు కూడా కిటికీలు గలగలమంటాయట. మనుషులు పాతాళంలోకి దిగడం చాలావరకు పోయింది. పెద్దపెద్ద డంపర్ల మీద ఏసీ క్యాబిన్లలో కూర్చుని మా పక్కింటి కుర్రాళ్లు డ్యూటీ చేసి వస్తారు. ఆలస్యమైతే భార్యకు ఫోను చేస్తారు. ఇది మంచిదే. కప్పు కూలి పోయినవాళ్లను చూసినదాన్ని, ఆ రోజులు తిరిగి రావాలని నేనెలా అనుకుంటాను? కానీ కూరగాయల సంచి పక్కన పెట్టుకుని ఒకరి పక్కన ఒకరు కూర్చున్న ఆ ఆడవాళ్లు గుర్తొచ్చినప్పుడు, ఫోను రాని రోజున ఇప్పటి పిల్లలు ఎవరి పక్కన కూర్చుంటారా అనిపిస్తుంది. మా అవ్వ తన భయాన్ని చెప్పుకోవడానికి సముద్రం ఒడ్డు నుంచి ఒక ముసలమ్మ రావలసి వచ్చింది.

భీమిలి కూడా మారింది. గుడిసెలున్న చోట డాబాలు, ఒక రిసార్టు, దాని ముందు రంగుల గొడుగులు. వేట పడవలన్నీ ఫైబర్‌వి, మోటారువి. తెరచాపలు లేవనుకున్నాను. పదిగంటల వేళ నదీ ముఖంలో చిన్న చిన్న పడవలు బయటికొచ్చాయి, ఒక్కొక్కదానికీ తెల్లటి తెరచాప. విశాఖ నుంచి వచ్చి పడవ నడపడం నేర్చుకుంటున్న పిల్లలట. అత్త వాటిని చాలాసేపు చూసింది. "వీళ్లు ఎటు పోతరు?" అని అడిగింది. ఎటూ పోరు, తిరిగి ఇక్కడికే వస్తారని చెప్పాను. "మంచిదే" అంది.

ఇద్దరు ముగ్గురిని అడిగాం. పైడమ్మ పేరు ఎవరికీ తెలియలేదు. హోటలతను, షాపతను, వల బాగుచేసుకుంటున్న నడివయసాయన, అందరూ తల అడ్డంగా ఊపారు. మధ్యాహ్నానికి అత్త అలసిపోయింది. "చాలు బిడ్డా, పోదాం పా" అంది. తిరిగి వస్తుంటే, రిసార్టు గోడ దాటిన తర్వాత, ఇసుకలో నీలం పట్టా మీద చేపలు తిరగేస్తున్న ఒక ముసలామె కనిపించింది. మమ్మల్ని చూసి ఎండు చేపలు కావాలేమోనని పిలిచింది. అత్త ఊరికే ఆగింది.

"ఏ వూరమ్మా మీది?"

"గోదావరిఖని." ఆ పేరు ఆమెకు తెలియలేదు. అత్త ఇంకోలా చెప్పింది. "నేను పైడమ్మ కోడల్ని. అప్పన్న పెండ్లాన్ని."

ముసలామె చేతిలో చేప అలాగే ఉండిపోయింది. "బొగ్గు కోడలివా?" అంది.

అత్తకు అర్థం కాలేదు. ముసలామె పట్టా మీద చేపలు పక్కకు నెట్టి, "కూకో తల్లీ, ఈడ కూకో" అని చోటు చూపింది. ఆమె పేరు నూకాలమ్మ. పైడమ్మ గుడిసె పక్క గుడిసెలో పెరిగిందట. పైడమ్మ చివరి రోజుల్లో గంజి కాచిపోసింది ఈమే. "నిన్నాయమ్మ బొగ్గు కోడలనే అనీది. మా సెవులు సిల్లులు పడిపోయీలాగ సెప్పీది నీ గురించి."

"ఏమని?" అంది అత్త. "నా మీద కోపంతోని ఎల్లిపోయింది గద."

"కోపమేటి? మేవూ అడిగినాం, కొడుకు కాడ సుకంగా ఉండక ఎందుకొచ్చీసినావని. ఏటన్నాదో తెలుసా? నాను గేటు కాడ కూకుంటే నా కొడుకు దిగీటప్పుడు నన్నే సూస్తన్నాడే, ఎనక్కి తిరిగి తిరిగి సూస్తన్నాడే, కాలెక్కడ ఏస్తన్నాడో సూసుకోటం లేదే అన్నాది. నా బయ్యం ఆడికి అంటించీసినాను, ఆ బయ్యంతో లోపలికెల్తే ఆడు బతకడు, అందుకే వొచ్చీసినాను అన్నాది."

అత్త రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వింటోంది.

"నీ గురించి ఇంకో మాట అనీది. నా కోడలు నాతో అబద్ధమాడింది, మంచి పని సేసింది, నిజం సెప్తే ఆడిని ఎల్లనిచ్చీదాన్నా అనీది. ఆ పిల్ల ఉన్నాది, గట్టిది, నాకన్నా గట్టిది, ఆడిని అది సూసుకుంటాది అనీది. పొయ్యేరోజు కూడా అదే మాట. అప్పన్న వొచ్చినప్పుడు ఆడికీ సెప్పినాను. ఈడ కూకునే ఇన్నాడు. సెప్పలేదేటి నీకు?"

"లేదు" అంది అత్త. ఆయన ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు. తల్లి తనను వదిలి వెళ్లిన కారణం, తను తల్లిని వదిలి వచ్చిన కారణం ఒకటేనని విన్న మనిషి, ఆ మాట నోటితో పలకలేకపోయాడేమో. అత్త కూడా అదే ఆలోచిస్తోందేమోనని ఆమె వైపు చూశాను. ఆమె సముద్రం వైపు చూడటం లేదు, ఏడవడం లేదు. చెప్పులు విడిచి, పట్టా మీద ఇంకొంచెం లోపలికి జరిగి, కాళ్లు చాపుకుని సరిగ్గా కూర్చుంది. నూకాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఇంకోసారి చెప్పవా" అంది. "మెల్లగ చెప్పు."

నూకాలమ్మ రెండో చేత్తో ఈగలు తోలుకుని, పైడమ్మ రైలు దిగి వచ్చిన రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టింది.